కయోటీ వేటకి దూరం అందుకునే రైఫిల్ కట్టించుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉంటూ, వేట లైసెన్స్ తీసుకుని, కయోటీ (నక్కని పోలిన ఉత్తర అమెరికా అడవి జంతువు) కోసం ఒక్కో భాగం ఎంచుకుని రైఫిల్ కట్టించుకోవాలనుకునే తెలుగువారి కోసం రాసినది ఇది. దూడల్ని, గొర్రెపిల్లల్ని పోగొట్టుకునే పశువుల క్షేత్రాల (ర్యాంచ్) యజమానులు చాలామంది ఈ జంతువు వేటకి సంతోషంగా అనుమతిస్తారు. పశ్చిమ టెక్సస్, కాన్సస్, వయోమింగ్ లాంటి చోట్ల చెట్టూ చేమా లేని నేల మీద కయోటీ తరచుగా మూడు వందల గజాల అవతలే ఆగిపోయి మన వైపు చూస్తుంది. మామూలు జింకల రైఫిల్‌తో అక్కడ ఇబ్బంది మొదలవుతుంది.

నేను హెచ్1బీ మీద ఉన్నాను. అసలు రైఫిల్ కొనవచ్చా?

భాగాల సంగతి తర్వాత, ముందు ఇది తేల్చుకోండి. హెచ్1బీ, ఎల్1, ఎఫ్1, హెచ్4 లాంటి తాత్కాలిక వీసాల మీద వచ్చినవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం చెబుతుంది. దానికి కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో మనవాళ్లకి పనికొచ్చేది, ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్. అది ఉంటే ఫెడరల్ చట్టం అడ్డు చెప్పదు. కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో ఈ ప్రశ్న స్పష్టంగానే ఉంటుంది, లైసెన్స్ చూపించమని డీలర్ అడుగుతాడు.

రెండు విషయాలు చాలామంది పట్టించుకోరు. మొదటిది, స్నేహితుడి రైఫిల్‌ని కాల్పుల సాధన చేసే రేంజిలో చేతిలోకి తీసుకున్నా అది దగ్గర ఉంచుకున్నట్టే లెక్క. రెండోది, లైసెన్స్ ఏడాదికో సీజన్‌కో అయిపోతుంది. రైఫిల్ మాత్రం ఇంట్లోనే ఉంటుంది. గడువు తీరిన మర్నాటి నుంచి మీరు చట్టానికి అవతలి వైపు ఉన్నట్టే. వలస కేసు నడుస్తున్న మనిషికి ఇది చిన్న విషయం కాదు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ అడ్డంకి లేదు. రాష్ట్రాల చట్టాలు ఇంకా కఠినంగా ఉండొచ్చు కాబట్టి, వీసా మీద ఉన్నవారు వలస చట్టం, తుపాకుల చట్టం రెండూ తెలిసిన లాయరుని ఒకసారి అడిగాకే డబ్బు పెట్టండి.

భాగాలు విడివిడిగా తెప్పించుకోవచ్చా?

చట్టం దృష్టిలో రైఫిల్ అంటే రిసీవర్, అంటే బోల్టు, ట్రిగ్గర్ అమరే మధ్య లోహపు భాగం. బోల్టుతో (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) కలిపి యాక్షన్ అనేది దాన్నే. అది లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరికే రావాలి, అక్కడ ఫారం నింపి తీసుకోవాలి. బ్యారెల్ (గొట్టం), స్టాక్ (భుజానికి ఆనించే భాగం), ట్రిగ్గర్, స్కోపు (గురి చూసే దుర్భిణి) చాలా రాష్ట్రాల్లో నేరుగా ఇంటికే వస్తాయి.

కయోటీ ఎంత ఉంటుంది? ఎంత గురి కావాలి?

పశ్చిమ రాష్ట్రాల కయోటీ సాధారణంగా తొమ్మిది నుంచి పదహారు కిలోలు. చలికాలపు బొచ్చు వల్ల అంతకంటే పెద్దదిగా కనిపిస్తుంది, కొత్తవాళ్ల కన్ను అక్కడే మోసపోతుంది. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు నిలువునా అడ్డంగా అయిదారు అంగుళాలు. దానికి బయట తగిలితే జంతువు గాయంతో పారిపోతుంది.

ఇప్పుడు రైఫిల్ లెక్క. గురిని కోణంలో కొలిచే ప్రమాణం ఎంఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్), ఒక ఎంఓఏ అంటే వంద గజాల దగ్గర 1.047 అంగుళాలు. అంటే నాలుగు వందల గజాల దగ్గర 4.2 అంగుళాలు. రైఫిల్ గుంపు (ఒకే గురికి కాల్చిన తూటాలు చెదిరిన వెడల్పు) ఒక ఎంఓఏ ఉంటే ఆ అయిదారు అంగుళాల చోటులో చాలా భాగాన్ని రైఫిల్ ఒక్కటే తినేసింది. గాలికీ, మీ చేతి వణుక్కీ మిగిలేది ఏమీ లేదు. అందుకే ఈ వేటకి అర నుంచి ముప్పావు ఎంఓఏ కావాలంటాను. అది మూడు తూటాల గుంపులో ఒక్కసారి వచ్చింది కాదు, పది తూటాల గుంపులో వచ్చేది.

ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

బుల్లెట్ నుంచి. నేను గట్టిగా నమ్మే మాట ఇదొక్కటే. ఎక్కువమంది యాక్షన్ దగ్గరో, స్టాక్ రంగు దగ్గరో మొదలుపెట్టి, చివర్లో ఏ తూటా వేయాలని అడుగుతారు. తిరగేసి ఆలోచించండి. మీరు వేటాడే నేల మీద మామూలుగా ఎంత దూరం, ఎంత గాలి? ఆ దూరానికి ఆ గాలిలో నిలబడే బుల్లెట్ ఏది? ఆ బుల్లెట్‌ని తిప్పగలిగే ట్విస్ట్ (బ్యారెల్ లోపలి గాడుల తిప్పు) ఎంత? ఆ వేగం ఇవ్వగలిగే కేసు (మందు నింపే ఇత్తడి తొడుగు) ఏది? కేసుని బట్టి బోల్టు ముఖం (కేసు అడుగుని పట్టుకునే కొస), పొడవుని బట్టి యాక్షన్, మ్యాగజైన్. ఈ వరుసలో వస్తే ప్రతి భాగానికీ ఒక కారణం ఉంటుంది. లేకపోతే ఖరీదైన యాక్షన్‌లో పనికిరాని ట్విస్ట్ ఉన్న బ్యారెల్ బిగించుకుని కూర్చోవాలి.

అయితే ఏ తూటా ఎంచుకోవాలి?

దీనికి తీరిగ్గా జవాబు చెప్పాలి.

మూడు వందల గజాల లోపలే అయితే .223 రెమింగ్టన్ చాలు. తూటాలు చౌక, వెనక్కి తన్నే తన్ను తక్కువ, బ్యారెల్ చాలాకాలం వస్తుంది, సాధన ఎక్కువ చేయొచ్చు. .22-250 రెమింగ్టన్ 1965లో కంపెనీ తూటాగా వచ్చింది, అప్పటినుంచీ కయోటీ వేటగాళ్లకి నమ్మకస్తురాలు. 55 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువుకి వాడే చిన్న కొలత) బుల్లెట్‌ని సెకనుకి సుమారు 3,680 అడుగుల వేగంతో పంపుతుంది. రెండు వందల గజాలకి జీరో చేసుకుంటే (ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా స్కోపు సర్దుకుంటే) మూడు వందల దాకా దాదాపు ఆలోచించకుండా కాల్చొచ్చు.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. మైదానాల్లో గంటకి పది మైళ్ల గాలి మామూలు రోజు. ఆ గాలి పక్కనుంచి వీస్తే నాలుగు వందల గజాల దగ్గర ఆ 55 గ్రెయిన్ల బుల్లెట్ (వి-మ్యాక్స్ రకం) సుమారు 17 అంగుళాలు పక్కకి పోతుంది. అదే 6 ఎంఎం క్రీడ్‌మూర్‌లో 108 గ్రెయిన్ల ఈఎల్‌డి మ్యాచ్ బుల్లెట్, 2,960 అడుగుల వేగంతో నెమ్మదిగానే బయల్దేరినా, తొమ్మిది పది అంగుళాలు మాత్రమే పోతుంది. పొడవుగా, సన్నగా ఉన్న బుల్లెట్ గాలిని చీల్చుకుంటూ వేగం నిలుపుకుంటుంది కాబట్టి.

పక్కకి ఎంత పోతుందన్నది కాదు అసలు ప్రశ్న, దాన్ని సరిచేసుకోవచ్చు. మనిషి గాలిని తప్పుగా అంచనా వేస్తాడు. గంటకి మూడు మైళ్లు అటూ ఇటూ తప్పడం అనుభవమున్నవారికీ మామూలే. ఆ మూడు మైళ్ల తప్పుకి నాలుగు వందల గజాల దగ్గర .22-250 అయిదు అంగుళాలు, 6 ఎంఎం మూడు అంగుళాల లోపు తేడా చూపిస్తాయి. గుండె చోటులో నడిమధ్య నుంచి అంచుకి ఉన్నది మూడు అంగుళాలే అయినప్పుడు, ఒకటి గాయపరుస్తుంది, ఒకటి అంచున నిలబెడుతుంది. మూడు వందల గజాల దగ్గర అదే తప్పుకి రెండూ లోపలే పడతాయి. అందుకే మీ దూరం తెలియకుండా తూటా ఎంచుకోవద్దంటున్నాను.

.243 విన్చెస్టర్ 1955 నాటిది. తూటాలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, జింకలకీ పనికొస్తుంది. పాత బ్యారెళ్లలో ట్విస్ట్ తక్కువ కావడం ఒక్కటే దాని ఇబ్బంది, కొత్తగా కట్టించేటప్పుడు ఆ ఇబ్బంది మీకు లేదు. .22 క్రీడ్‌మూర్ 80 నుంచి 88 గ్రెయిన్ల పొడవాటి బుల్లెట్లని చాలా వేగంగా పంపుతుంది, కయోటీకి అద్భుతంగా పనిచేస్తుంది, బ్యారెల్‌ని మాత్రం తొందరగా తినేస్తుంది. 6.5 క్రీడ్‌మూర్ చెడ్డదేమీ కాదు గానీ కయోటీకి అంత బరువు అక్కర్లేదు, వెనక్కి తన్నే తన్ను కూడా ఎక్కువ కాబట్టి తూటా ఎక్కడ తగిలిందో స్కోపులో చూడడం కష్టం. .204 రూగర్ గాలి లేని చోట ముచ్చటైన తూటా, మైదానాలకి కాదు.

నాలుగు వందలు, ఆపైన అనుకునేవారికి నేను చెప్పేది 6 ఎంఎం క్రీడ్‌మూర్. మూడు వందల యాభై లోపలే అయితే వేగమైన ట్విస్ట్‌తో .22-250 గానీ .223 గానీ తీసుకుని, మిగిలిన డబ్బుతో తూటాలు కొనుక్కోండి.

బొచ్చు అమ్మేవారికి ఏదైనా తేడా ఉందా?

ఉంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బొచ్చు మంచి దశలో ఉంటుంది. పలచని తొడుగున్న తేలిక బుల్లెట్ లోపలే ముక్కలై, ఎదురువైపు చిల్లు లేకుండా ఆగిపోతే చర్మం పాడవదు. కానీ అదే బుల్లెట్ దగ్గర దూరంలో అతివేగంగా భుజం ఎముకకి తగిలితే పైనే పేలి పెద్ద గాయం చేస్తుంది. భారీ మ్యాచ్ బుల్లెట్లు చాలాసార్లు దూసుకుపోతాయి, చర్మం కుట్టుకోవాల్సి వస్తుంది.

ట్విస్ట్ అంటే ఏమిటి? ఎంత తీసుకోవాలి?

బ్యారెల్ లోపలి గాడులు ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయో అదే ట్విస్ట్. అంకె చిన్నదైతే తిప్పు ఎక్కువ. పొడవాటి బుల్లెట్‌కి ఎక్కువ తిప్పు కావాలి. పాత .22-250 బ్యారెళ్లు 14 అంగుళాలకి ఒక చుట్టు. వాటిలో 55 గ్రెయిన్లు హాయిగా నడుస్తాయి, 75 గ్రెయిన్లవి వేస్తే గాలిలోనే తలకిందులవుతాయి, లక్ష్యం కాగితం మీద అడ్డంగా చీలిన చిల్లు కనిపిస్తుంది. కొత్తగా కట్టించేటప్పుడు .22 కాలిబర్‌కి 8, 6 ఎంఎంకి 7.5 లేదా 8 తీసుకోండి. తిప్పు కాస్త ఎక్కువైనా పెద్ద నష్టం లేదు, మరీ పలచని బుల్లెట్లు అతివేగంలో గాలిలోనే విడిపోయే ప్రమాదం తప్ప. తక్కువైతే సరిచేసే దారి లేదు.

బ్యారెల్ మీద ఎంత ఖర్చు పెట్టాలి?

పెట్టగలిగినంత. రైఫిల్‌లో గురిని నిర్ణయించేది బ్యారెల్, దాని ఛాంబర్ (తూటా కూర్చునే గది). బార్ట్‌లీన్, క్రీగర్, లిల్యా, షైలెన్ లాంటి పేరున్న తయారీదారుల ఉక్కు బ్యారెల్‌ని జాగ్రత్తగా ఛాంబర్ చేయిస్తే మీరు కోరే ముప్పావు ఎంఓఏ వస్తుంది. గాడులు కోసినవా, నొక్కి చేసినవా అని జనం వాదులాడుకుంటారు. రెండు పద్ధతుల్లోనూ గెలిచే బ్యారెళ్లు ఉన్నాయి. ఛాంబర్ చేసే పనివాడి చెయ్యి ఆ తేడా కంటే ముఖ్యం.

ఉక్కు విషయంలో 416ఆర్ స్టెయిన్‌లెస్ మామూలు ఎంపిక. పొడవు 22 నుంచి 24 అంగుళాలు, సప్రెసర్ (శబ్దం తగ్గించే గొట్టం) తగిలిస్తే 20 నుంచి 22. అంగుళం తగ్గితే పోయే వేగం తూటాని బట్టి సెకనుకి ఇరవై ముప్పై అడుగులు, దానికి బెంగపడక్కర్లేదు. లావు మధ్యస్థంగా ఉంచండి. బెంచి మీద కాల్చే పోటీ బ్యారెల్ లావుది వేస్తే కారు దిగి మైలు నడిచేసరికి భుజం చెబుతుంది. సన్నని జింకల బ్యారెల్ అయితే నాలుగైదు తూటాలకే వేడెక్కి సాధనని పాడుచేస్తుంది. స్కోపుతో కలిపి మొత్తం రైఫిల్ పది పౌండ్లకి అటూ ఇటూగా ఉంటే నిలకడగానూ, మోయడానికి వీలుగానూ ఉంటుంది.

కార్బన్ ఫైబర్ బ్యారెల్ మంచిదేనా?

మోంటానాలోని ప్రూఫ్ రీసెర్చ్ లాంటివాళ్లు సన్నని ఉక్కు గొట్టం చుట్టూ కార్బన్ చుట్టి ఇస్తారు. లావుగా, గట్టిగా ఉంటుంది, అంత లావు ఉక్కు కంటే బాగా తేలిక. ధర చాలా ఎక్కువ. రోజంతా కొండలెక్కి దిగేవారికి సరైన ఖర్చు. ట్రక్కు దగ్గర్లోనే కూర్చుని, అరుపులు వినిపించి కయోటీని దగ్గరికి పిలిచే వేటకి ఆ డబ్బు స్కోపులో పెట్టడం మేలు.

బ్యారెల్ ఎన్నాళ్లు వస్తుంది?

సన్నని చిల్లులోంచి ఎక్కువ మందు కాలితే గొంతు (ఛాంబర్ ముందు గాడులు మొదలయ్యే చోటు) దగ్గర ఉక్కు తొందరగా కరుగుతుంది. 6 ఎంఎం క్రీడ్‌మూర్‌లో మంచి గురి సాధారణంగా పదిహేను వందల నుంచి రెండున్నర వేల తూటాల దాకా. .223 దానికి రెండింతలకి పైగా వస్తుంది. ఒక కయోటీ సీజన్‌లో వేట మీద ఖర్చయ్యేది కొన్ని పదుల తూటాలే, బ్యారెల్‌ని తినేది సాధన. వరసగా కాల్చి చేతితో ముట్టుకోలేనంత వేడి చేయకండి.

యాక్షన్ ఏది?

రెమింగ్టన్ 700 యాక్షన్ 1962లో వచ్చింది. దాని కొలతలు ఇప్పుడు అందరికీ ఉమ్మడి ప్రమాణం అయిపోయాయి. డిఫయన్స్, ఇంపాక్ట్ ప్రెసిషన్, జెర్మాట్ ఆర్మ్స్ వాళ్ల ఆరిజిన్, ఇవన్నీ అదే కొలతల్లో, ఇంకా నాణ్యంగా చేస్తారు. ఈ కొలత తీసుకుంటే స్టాకులు, ట్రిగ్గర్లు, స్కోపు బిగించే రైలు పట్టీలు అంతులేనన్ని దొరుకుతాయి. ఫిన్లాండ్ నుంచి వచ్చే టిక్కా టీ3ఎక్స్ యాక్షన్ బోల్టు జారినట్టు కదులుతుంది, ధరకి మించిన నాణ్యత దానిది. జపాన్‌లో చేసే హోవా 1500 కూడా గట్టి సరుకే. 1958లో మొదలైన సావేజ్ 110లో బ్యారెల్‌ని నట్టుతో బిగిస్తారు కాబట్టి మార్చుకోవడం సులువు.

బోల్టు ముఖం చూసుకోండి. .22-250, .243, 6 ఎంఎం క్రీడ్‌మూర్, 6.5 క్రీడ్‌మూర్ అన్నింటికీ 0.473 అంగుళాల ముఖమే. అంటే ఒకే షార్ట్ యాక్షన్ మీద రేపు బ్యారెల్ మార్చి వేరే తూటాకి పోవచ్చు. .223 ముఖం వేరు. అందుకే మొదటి రైఫిల్ కట్టించేవారికి 0.473 చెబుతాను.

ప్రీఫిట్ బ్యారెల్ ఇంట్లోనే బిగించుకోవచ్చా?

కొలతలు ఒకేలా వచ్చే యాక్షన్లకి, ఆరిజిన్, ఇంపాక్ట్ లాంటివాటికి, ముందే ఛాంబర్ చేసిన బ్యారెళ్లు అమ్ముతారు. వైస్, యాక్షన్ రెంచి, టార్క్ రెంచి (ఎంత బిగువో కొలిచే పనిముట్టు) ఉంటే బిగించడం పెద్ద పని కాదు. కానీ హెడ్‌స్పేస్ (బోల్టు మూసినప్పుడు ఛాంబర్‌లో తూటాకి ఉండే ఖాళీ) గేజ్‌లతో పరీక్షించకుండా ఒక్క తూటా కూడా కాల్చవద్దు. గో గేజ్ మీద బోల్టు మూసుకోవాలి, నో-గో గేజ్ మీద మూసుకోకూడదు. ఈ ఖాళీ ఎక్కువైతే కేసు చిట్లి, చదరపు అంగుళానికి అరవై వేల పౌండ్ల ఒత్తిడిలో ఉన్న వాయువు మొహం వైపు వస్తుంది. గేజ్‌లు కొనే ఉద్దేశం లేకపోతే గన్‌స్మిత్ చేతికే ఇవ్వండి. ఇందులో పొదుపు లేదు.

ట్రిగ్గర్ ఎంత తేలికగా పెట్టుకోవాలి?

ట్రిగ్గర్‌టెక్, టిమ్నీ రెండూ మంచివి. ఒకటిన్నర పౌండు నుంచి రెండున్నర మధ్య పెట్టుకోండి. పోటీ షూటర్లు ఔన్సుల్లో పెట్టుకుంటారు, అది వేటకి తగదు. చలికి మొద్దుబారిన వేళ్లు, చేతి తొడుగు, కయోటీ పరుగున వస్తుంటే దడదడలాడే గుండె, వీటి మధ్య మరీ తేలిక ట్రిగ్గర్ మీరు అనుకోకముందే పేలుతుంది. బిగించాక తూటా లేకుండా బోల్టుని గట్టిగా కొట్టి మూయండి, సేఫ్టీ వేసి తీయండి, రైఫిల్ వెనుక భాగాన్ని చాప మీద తట్టండి. ఒక్కసారి జారినా అది సరిచేసేదాకా బయటికి తేవద్దు. గడ్డకట్టే చలిలో చిక్కటి నూనె ట్రిగ్గర్‌లో అసలు వేయకూడదు.

స్టాకా, చాసీనా (స్టాక్ బదులు వాడే లోహపు చట్రం)?

మీ శరీరానికి సరిపోయేదేదైనా. చెంప స్టాక్ మీద వాల్చగానే మెడ సాగదీయకుండా కన్ను స్కోపు మధ్యకి రావాలి. కాబట్టి చెంప ఎత్తు, పొడవు సవరించుకునే వీలు ఉండాలి. మార్కెట్లో దొరికే సైజులు చాలావరకు ఆరడుగుల మనిషికి చేసినవి. అయిదున్నర అడుగుల మనవాళ్లకి స్టాక్ అర అంగుళం, అంగుళం పొడవైపోతుంది, ముఖ్యంగా చలికోటు వేసుకున్నప్పుడు. ఇది చిన్న విషయంగా తీసిపారేయకండి, పొడవు సరిపోని స్టాక్ ఎంత మంచి బ్యారెల్‌నైనా వృథా చేస్తుంది.

అల్యూమినియం చాసీ గట్టిగా ఉంటుంది, యాక్షన్ కదలకుండా అడుగున జిగురు (బెడ్డింగ్) పోయించాల్సిన పని లేదు, కానీ జనవరి తెల్లవారుజామున చేతికి మంచుగడ్డలా తగులుతుంది. మెక్‌మిలన్, మ్యానర్స్ లాంటి ఫైబర్ స్టాకులు తేలిక, నిశ్శబ్దం. కేఆర్‌జీ బ్రావో లాంటివి లోపల అల్యూమినియం, బయట ప్లాస్టిక్‌గా మధ్యస్థం, ధరలో నాకు నచ్చినవి. ఏదైనా కింద ఆర్కా రైలు (ట్రైపాడ్‌కి బిగించే పట్టీ) ఉండేలా చూసుకోండి. యాక్షన్ స్క్రూలు టార్క్ రెంచితో, తయారీదారు చెప్పిన లెక్కకి బిగించండి. లోహం మీద లోహమైతే తరచుగా 65 అంగుళాల పౌండ్లు చెబుతారు.

ఆర్కా రైలు ఎందుకు?

ట్రైపాడ్ కోసం. కయోటీ వేటలో పడుకుని కాల్చే అవకాశం తక్కువ, గడ్డి అడ్డొస్తుంది. కూర్చుని, ట్రైపాడ్ మీద రైఫిల్ బిగించి, చేతులు ఖాళీగా పెట్టుకుని చుట్టూ చూడడం ఒక వరం. బైపాడ్ కంటే మంచి ట్రైపాడ్ ముందు కొనండి.

స్కోపు ఎంత శక్తి ఉండాలి?

పెద్ద అంకె వెంట పడకండి. పిలుపుకి వచ్చే కయోటీ ఒక్కోసారి ముప్పై గజాల్లోకి దూసుకొస్తుంది, అప్పుడు కింది అంకె (ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో అది) 3 లేదా 4 ఉండాలి. పైన 16 లేదా 18 ఉంటే నాలుగైదు వందల గజాలకి ధారాళంగా సరిపోతుంది. 3-18, 4-16 లాంటివి ఈ పనికి అతికినట్టు ఉంటాయి. 5-25 అంటే కింద చూపు ఇరుకైపోతుంది.

ఫస్ట్ ఫోకల్ ప్లేన్ స్కోపులో గీతల విలువ ఏ శక్తి దగ్గరైనా మారదు, తొందరలో గాలికి పక్కన పట్టుకునేటప్పుడు ఇది కాపాడుతుంది. శక్తి తగ్గించినప్పుడు గీతలు సన్నబడి మసక వెలుతురులో కనిపించవు, కాబట్టి వెలిగే రెటికిల్ (గురి గీతలు) తీసుకోండి. మిల్‌లో (ఎంఓఏ లాంటిదే ఇంకో కోణం కొలత) కావాలా, ఎంఓఏలో కావాలా అన్నది అలవాటు. రెటికిల్, నాబ్‌లు రెండూ ఒకే కొలతలో ఉండాలి, అంతే. 0.1 మిల్ ఒక క్లిక్ అయితే వంద గజాల దగ్గర 0.36 అంగుళం, నాలుగు వందల దగ్గర 1.44 అంగుళాలు.

ల్యూపోల్డ్, నైట్‌ఫోర్స్, వోర్టెక్స్, ఏ కంపెనీదైనా చూడాల్సింది తిప్పినంత కదులుతోందా, తిరిగి అదే చోటికి వస్తోందా అని. పరీక్ష సులువు. వంద గజాల దగ్గర నిలువు గీత ఉన్న పొడవాటి కాగితం పెట్టి, కింద గుంపు కొట్టి, పది మిల్స్ పైకి తిప్పి మళ్లీ కొట్టండి. రెండు గుంపుల మధ్య 36 అంగుళాలు ఉండాలి. గీత నుంచి పక్కకి జరిగితే స్కోపు వంగి బిగిసిందన్నమాట. మళ్లీ కిందికి తిప్పితే మొదటి గుంపులోనే పడాలి. కొన్న వెంటనే ఇది చేయండి, వెనక్కి పంపే గడువు ఉండగానే.

జీరో స్టాప్ (తిప్పిన నాబ్‌ని తిరిగి జీరో దగ్గరే ఆపేది) తప్పకుండా ఉండాలి. పారలాక్స్ నాబ్‌ని (కన్ను కదిలినా గురి గీత జరగకుండా చేసేది) దూరానికి తగ్గట్టు తిప్పడం అలవాటు చేసుకోండి.

20 ఎంఓఏ రైలు (దూరపు గురికి స్కోపుని కొంచెం వాల్చి పట్టే పట్టీ) కావాలా?

అయిదు వందల గజాల లోపు అవసరం లేదు. ఉన్నా నష్టం లేదు.

రింగులు (స్కోపుని పట్టి ఉంచేవి)?

చవక రింగుల మీద ఖరీదైన స్కోపు పెట్టకండి. రింగు స్క్రూలకి ఎక్కువ కంపెనీలు 15 నుంచి 18 అంగుళాల పౌండ్లు చెబుతాయి. చేతి అంచనాతో బిగిస్తే స్కోపు గొట్టం నొక్కుకుపోతుంది.

రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం) భాగాల్లోకి వస్తుందా?

నా లెక్కలో వస్తుంది. కూర్చోగానే, పిలవకముందే, కంచె స్తంభం, పొద, గట్టు, ఇలా నాలుగైదు గుర్తుల దూరాలు కొలిచి పెట్టుకోండి. కయోటీ వచ్చాక కొలిచే తీరిక ఉండదు.

సప్రెసర్ పెట్టుకోవడం చట్టబద్ధమేనా?

చాలా రాష్ట్రాల్లో అవును. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయ్ లాంటి కొన్నింట్లో కాదు. 1934 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం దీన్ని నమోదు చేయించాలి. వేలిముద్రలు, ఫొటో, అనుమతి వచ్చేదాకా నిరీక్షణ. ఎన్నో ఏళ్లుగా ఉన్న 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది గానీ నమోదు మాత్రం అలాగే ఉంది.

పెట్టుకోమనే నా సలహా. చెవులు నిలుస్తాయి. వెనక్కి తన్నే తన్ను తగ్గి, తూటా ఎక్కడ తగిలిందో స్కోపులోనే కనిపిస్తుంది. జతగా వచ్చిన రెండో కయోటీకి శబ్దం ఎటునుంచి వచ్చిందో తెలియక ఒక్క క్షణం తటపటాయిస్తుంది. బ్యారెల్ చేయించేటప్పుడే సప్రెసర్ బిగించడానికి దాని కొసన మరలు వేయించండి. .22 కాలిబర్‌కి 1/2-28, 6 ఎంఎంకి 5/8-24 మామూలు (మొదటిది అంగుళాల్లో వ్యాసం, రెండోది అంగుళానికి ఎన్ని మరలో). సప్రెసర్ ఉన్నా చెవులకి రక్షణ పెట్టుకోండి.

రాత్రి వేటకి థర్మల్ (ఒంటి వేడిని చూపించే స్కోపు) పెట్టుకోవచ్చా?

రాష్ట్రాన్ని బట్టి, కొన్నిచోట్ల నెలని బట్టి కూడా నియమాలు మారతాయి. ఆ ఏటి నియమాల పుస్తకం చూడండి. థర్మల్‌లో వేడి ఆకారమే కనిపిస్తుంది, దాని వెనుక ఏముందో కనిపించదు. పొలం అవతల ఇల్లు, పశువులు ఎక్కడున్నాయో పగలే నడిచి చూసుకోకుండా రాత్రి కాల్చకూడదు.

సీసం లేని బుల్లెట్లు తప్పనిసరా?

కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి ఏ జంతువు వేటకైనా సీసం లేనివే వాడాలి. రాగి బుల్లెట్ అదే బరువున్న సీసం బుల్లెట్ కంటే పొడవుగా ఉంటుంది, కాబట్టి దానికి ట్విస్ట్ ఇంకాస్త వేగంగా కావాలి. అక్కడ వేటాడేవారు బ్యారెల్ ఆర్డర్ చేసే ముందే ఇది లెక్కలోకి తీసుకోండి.

డబ్బు తక్కువ ఉంటే దేంట్లో తగ్గించాలి?

యాక్షన్‌లో. టిక్కా గానీ హోవా గానీ తయారు రైఫిల్ కొని, రెండు మూడు రకాల కంపెనీ తూటాలు వేసి చూడండి. ముప్పావు ఎంఓఏ వస్తే కట్టించాల్సిన అవసరమే లేదు. ఆ డబ్బు స్కోపు, ట్రైపాడ్, తూటాలకి పెట్టండి. ఆ బ్యారెల్ అరిగిపోయిన రోజున మంచి బ్యారెల్ వేయించుకోవచ్చు. స్కోపులోనూ, సాధన తూటాల్లోనూ మాత్రం తగ్గించకండి.

మరి ఎంత దూరం దాకా కాల్చొచ్చు?

రైఫిల్ వెయ్యి గజాలకి ఉక్కు పలకని మోగించగలదు కాబట్టి కయోటీ మీదా కాల్చొచ్చనుకోవడం నాకు అంగీకారం కాదు. పలకకి గాయం కాదు. అయిదు అంగుళాల పలకని మీరు వేటాడే తీరులోనే, కూర్చుని, ట్రైపాడ్ మీద, గాలి ఉన్న రోజున, మొదటి తూటాతోనే పదికి తొమ్మిదిసార్లు కొట్టగలిగే దూరం ఎంతో, మీ హద్దు అంతే. చాలామందికి అది రెండున్నర వందలు, బాగా సాధన చేసినవారికి నాలుగు వందలు. మంచి రైఫిల్ ఆ హద్దుని కాస్త జరుపుతుంది, చెరిపేయదు. దూరంగా ఆగిపోయిన కయోటీని ఓపికగా మళ్లీ పిలిస్తే ఒక్కోసారి దగ్గరికి వస్తుంది కూడా.

తోడేలునో, కుక్కనో కయోటీ అనుకునే ప్రమాదం ఉందా?

ఉంది, దూరం పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. ఆరిజోనా, న్యూమెక్సికోలో మెక్సికన్ తోడేళ్లు తిరుగుతాయి, నార్త్ కరోలైనా తూర్పు కొసన ఎర్ర తోడేళ్లు ఉన్నాయి. రెండూ అంతరించే దశలో ఉన్నవని ఫెడరల్ రక్షణలో ఉన్న జంతువులు. కయోటీ చెవులు దాని తలకి పెద్దవిగా, మొనదేలి ఉంటాయి, మూతి సన్నం. తోడేలుకి మూతి వెడల్పు, కాళ్లు పొడవు, బరువు సుమారు రెండింతలు. గొర్రెల మందకి కాపలా ఉండే కుక్కలు కూడా అదే పొలంలో తిరుగుతుంటాయి. స్కోపుతో కాదు, ముందు బైనాక్యులర్‌తో చూసి తేల్చుకోండి. స్కోపుతో వెతకడమంటే తెలియని దాని మీద తుపాకీ గురిపెట్టడమే.

ఈ రైఫిల్‌తో ఇండియాలో ఏమైనా చేయొచ్చా?

లేదు. కయోటీ మన దేశపు జంతువు కాదు, దాని దగ్గరి చుట్టం నక్కకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. తుపాకీ స్కోపులు, ముఖ్యంగా థర్మల్ పరికరాలు, అమెరికా ఎగుమతి నియమాల కింద కూడా వస్తాయి. ఊళ్లో తమ్ముడికి బహుమతిగా తీసుకెళ్లాలనుకోకండి.

ఇంకొకటి, ఇది నిజంగా జరిగే విషయం. వేటకి వాడిన బ్యాక్‌ప్యాక్‌నే ఇండియా ప్రయాణానికి తీసుకెళ్తారు. అడుగున కుట్టు మధ్యలో ఒక్క తూటా ఇరుక్కుని ఉంటుంది. శంషాబాద్‌లోనో ఢిల్లీలోనో స్కానర్‌లో అది కనిపిస్తే 1959 ఆయుధాల చట్టం కింద కేసు ఎదుర్కోవాల్సి రావొచ్చు, మీరు కావాలని తేలేదని రుజువు చేసుకోవడానికి నెలలు పట్టొచ్చు. పేలిన తూటా ఖాళీ ఇత్తడి తొడుగు కూడా తలనొప్పే. వేట సంచి వేట సంచిగానే ఉంచండి. ప్రయాణానికి వేరే సంచి, వేరే కోటు. ఒకవేళ అదే తీసుకెళ్లక తప్పకపోతే ప్రతి జేబూ బయటికి తిప్పి, ఆస్తరు చేతితో తడిమి చూశాకే సర్దండి.